గోల్ ముందు ఏడాదంతా ఎవరు నిలబడుతున్నారు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. ఫుట్‌బాల్ ఆసియా కప్ క్వాలిఫయర్స్‌లో బంగ్లాదేశ్‌తో 0-0, హాంకాంగ్ చేతిలో 0-1, సింగపూర్ చేతిలో సొంత గడ్డ మీద 1-2. ఇవన్నీ చూశాక మన ఇండియా టీమ్‌కి గోల్ కొట్టడం ఎందుకు రావడం లేదు, స్కిల్ లేకనా, టెన్షన్ వల్లా, ప్రాక్టీసు చాలకా అని అడిగారు. మీరు చూసుకునే కాలేజీ టీమ్‌ది కూడా ఇదే గొడవ, ఏం చేయమంటారు అని చివర్లో ఇంకో ముక్క కలిపారు.

నేను సికింద్రాబాద్ గ్రౌండ్లలో 10 ఏళ్లు ఫార్వర్డ్‌గా ఆడాను, 18 ఏళ్లుగా పిల్లలకు కోచింగ్ ఇస్తున్నాను. ఆడిన రోజుల్లో కొట్టిన గోల్స్ కంటే వదిలేసినవే ఎక్కువ. కాబట్టి ఈ విషయంలో నాకు అనుభవానికి లోటు లేదు.

ముందు ఇండియా సంగతి. 2024 సెప్టెంబర్ 3న గచ్చిబౌలి బాలయోగి స్టేడియంలో ఇంటర్‌కాంటినెంటల్ కప్ మ్యాచ్‌కి వెళ్లాను. ఎదురుగా మారిషస్, అప్పటికి ప్రపంచ ర్యాంకు 179. మనోలో మార్కెజ్‌కి ఇండియా కోచ్‌గా అదే మొదటి మ్యాచ్. బంతి ఎక్కువసేపు మన దగ్గరే ఉంది. నా వెనక వరసలో ఒకాయన బంతి గోల్ ముందున్న పెనాల్టీ బాక్స్ దగ్గరికి వచ్చినప్పుడల్లా "కొట్టరా, కొట్టు!" అని గొంతు చించుకున్నాడు. 0-0తో అయిపోయాక "ఒక్కడికీ ఫినిషింగ్ రాదు" అని తేల్చేసి వెళ్లిపోయాడు. నాకో అలవాటుంది. చిన్న పుస్తకంలో గ్రౌండ్ బొమ్మ గీసుకుని, షాట్ పడిన చోటల్లా ఒక చుక్క పెడతాను. ఆ రోజు నా బొమ్మలో పెనాల్టీ స్పాట్ (గోల్‌కి 11 మీటర్ల దూరంలో పెనాల్టీ కొట్టే చోటు) చుట్టుపక్కల తెల్లగానే ఉండిపోయింది. వదిలేశారని తిట్టడానికి కూడా అసలు ఛాన్స్ అంటూ రావాలి కదా! ఆరు రోజుల తర్వాత అదే గ్రౌండ్‌లో సిరియా చేతిలో 0-3. నవంబర్‌లో మళ్లీ అక్కడే మలేషియాతో 1-1. ఆ ఒక్క గోల్ కొట్టింది కూడా డిఫెండర్ రాహుల్ భేకే, కార్నర్‌కి తలతో. 2024 మొత్తం మీద ఇండియా ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు.

"ఛాన్సులు వస్తున్నాయి, గోల్ పడటం లేదు" అన్న మాటలో మొదటి సగం నిజమో కాదో చూడకుండా రెండో సగానికి వెళ్లకూడదని ఇదంతా చెబుతున్నాను. దీనికి ఈమధ్య ఎక్స్‌జీ (ఎక్స్‌పెక్టెడ్ గోల్స్) అనే లెక్క వాడుతున్నారు. పేరు చూసి భయపడక్కర్లేదు. అదే చోటు నుంచి, అదే కోణంలో, అలాంటి పరిస్థితిలోనే గతంలో కొట్టిన వేల షాట్లలో ఎన్ని గోల్ అయ్యాయో చూసి, ప్రతి షాట్‌కీ 0కీ 1కీ మధ్య ఒక విలువ ఇస్తారు. పెనాల్టీకి 0.76 నుంచి 0.79 దాకా వస్తుంది. బాక్స్ బయటి నుంచి కొట్టే మామూలు షాట్‌కి 0.03, మహా అయితే 0.04. అంటే బయటి నుంచి పది షాట్లు కొట్టినా కలిపి ఇంచుమించు సగం పెనాల్టీ విలువే. "పది షాట్లు కొట్టాం సార్, ఒక్కటీ పడలేదు, మా టైమ్ బాలేదు" అని మా పిల్లలు వచ్చి చెప్తుంటారు. టైమ్ బాగానే ఉంది నాయనా, లెక్కే అంత.

నిజంగా ఛాన్సులు సృష్టించుకుని వదిలేసే టీమ్ ఎలా ఉంటుందో చూడాలంటే ఇంగ్లండ్‌లో బ్రైటన్ క్లబ్‌ని చూడండి. గ్రాహమ్ పాటర్ కోచ్‌గా ఉన్న 2020-21 సీజన్‌లో వాళ్ల ఎక్స్‌జీ 50 దాటింది, కొట్టినవి మాత్రం 38 మ్యాచ్‌ల్లో 40 గోల్స్. 16వ స్థానంలో ముగించారు. టీమ్‌లో ఎక్కువ గోల్స్ కొట్టిన నీల్ మోపేకి లీగ్‌లో 8 వచ్చాయి. మంచి స్ట్రైకర్‌ని కొనండి, కోచ్‌ని మార్చండి అని బయట ఒకటే గోల. క్లబ్ కంగారు పడలేదు, ఆట తీరు మార్చలేదు. మరుసటి ఏడాది 9వ స్థానం. 2022-23లో కోచ్‌గా రాబర్టో డి జెర్బీ వచ్చాక 72 గోల్స్, 6వ స్థానం. ఆ సీజన్‌లోనూ లీగ్‌లో ఎక్కువ గోల్స్ కొట్టింది మిడ్‌ఫీల్డర్ మాక్ అలిస్టర్, 10. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్న సామెత 2020-21 బ్రైటన్‌కి సరిగ్గా సరిపోతుంది. మన ఇండియా టీమ్‌కి సరిపోదు. మన అంగడిలో సరుకే తక్కువ.

అలాగని మనవాళ్లు చేతికొచ్చినవి వదల్లేదని అనను. 2024 జనవరిలో ఖతార్‌లో జరిగిన ఆసియా కప్‌లో ఆస్ట్రేలియా మీద, ఇంకా 0-0 ఉండగానే, నిఖిల్ పూజారి కుడివైపు నుంచి వేసిన క్రాస్‌కి మన కెప్టెన్ సునీల్ ఛెత్రి తల పెట్టాడు, బంతి పక్కకి పోయింది. అది పడి ఉంటే అని నేను ఇప్పటికీ అనుకుంటాను. ఆ టోర్నీలో మూడు మ్యాచ్‌లు, మూడు ఓటములు, గోల్స్ సున్నా. 2025 జూన్‌లో హాంకాంగ్ కై టక్ స్టేడియంలో మొదటి సగంలో లిస్టన్ కొలాకో ఇచ్చిన బంతికి ఆషిక్ కురునియన్ ఎదురుగా గోల్ తెరిచి ఉంది. బయటికి కొట్టాడు. చివరికి ఇంజరీ టైమ్‌లో వాళ్లకి పెనాల్టీ దొరికింది, మనం ఓడిపోయాం. వాట్సాప్ గ్రూపుల్లో వారం రోజులు ఆ కుర్రాడిని ఆడిపోసుకున్నారు.

ఒక్క సంగతి గమనించారా? ఆషిక్ స్ట్రైకర్ కాదు. వింగ్‌లో ఆడతాడు, అవసరమైతే లెఫ్ట్ బ్యాక్‌గా కూడా ఆడతాడు. ఏడాదంతా గీత పక్కన పరిగెత్తే మనిషిని ఆ ఒక్క క్షణం గోల్ ముందు నిలబెట్టి స్ట్రైకర్‌లా కొట్టమంటున్నాం. ఇండియా విషయంలో నేను చెప్పదలచుకున్న అసలు సంగతి ఇదే.

మన దేశంలో క్లబ్బులు ఆడే పెద్ద లీగ్ ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) 2014లో మొదలైంది. 2024-25తో 11 సీజన్లు అయ్యాయి. సీజన్‌లో ఎక్కువ గోల్స్ కొట్టినవాడికి ఇచ్చే గోల్డెన్ బూట్ ఒక్కసారి కూడా మన దేశం ఆటగాడికి రాలేదు. మొదట్లో గ్రౌండ్‌లో ఒకేసారి 6 మంది విదేశీయులను దింపొచ్చు, 2017లో 5కి తగ్గించారు, 2021లో 4కి. తగ్గించిన ప్రతిసారీ క్లబ్బులు ఏం చేశాయంటే, బ్యాక్‌లోనో వింగ్‌లోనో ఉన్న విదేశీయుడిని తీసేసి, నడిమధ్యనున్న స్ట్రైకర్‌ని మాత్రం అట్టే పెట్టుకున్నాయి. వాళ్లను తప్పు పట్టలేం, గెలవకపోతే కోచ్ ఉద్యోగం పోతుంది. చాంగ్తే ముంబైకి వింగర్, మన్వీర్ మోహన్ బగాన్‌కి వింగర్, లిస్టన్ కూడా వింగరే. ముగ్గురూ మంచి ఆటగాళ్లు. నీలం జెర్సీ వేసుకోగానే మాత్రం వాళ్లలో ఒకరు లోపలికి జరిగి స్ట్రైకర్ పని చేయాలి. మనోలో కంటే ముందు స్టిమాచ్ ఇండియా కోచ్‌గా ఉన్నన్నాళ్లూ ఇదే మొత్తుకున్నాడు. ఆయన మాట తీరు నాకు నచ్చేది కాదు కానీ ఈ విషయంలో ఆయన చెప్పింది నిజం.

మనోలో సంగతే చూడండి. 2022 మార్చిలో గోవాలోని ఫతోర్దాలో హైదరాబాద్ ఎఫ్‌సీని ఐఎస్ఎల్ చాంపియన్‌గా నిలిపిన కోచ్ ఆయనే. ఆ సీజన్‌లో ఆయన టీమ్‌లో బార్తొలొమ్యూ ఓగ్‌బెచే ఉన్నాడు, నైజీరియా ఆటగాడు, వయసు 37. పరుగు తగ్గిపోయింది, డ్రిబ్లింగ్ పెద్దగా లేదు. 18 గోల్స్ కొట్టాడు. మ్యాచ్‌లో చాలాసేపు నడుస్తూనే కనిపించేవాడు. డిఫెండర్ బంతి వైపు తల తిప్పిన క్షణంలో అతని వీపు వెనక నుంచి రెండడుగులు జరిగేవాడు, అంతే. బంతి వచ్చేసరికి చుట్టూ ఎవరూ ఉండేవారు కాదు. రెండున్నరేళ్ల తర్వాత అదే కోచ్ గచ్చిబౌలిలో ఇండియా బెంచ్ ముందు నిలబడ్డాడు, లోపల ఓగ్‌బెచే లేడు. కోచింగ్ ఏమైనా మర్చిపోయాడా? లేదు కదా.

అందుకే 2025 మార్చిలో ఆయన రిటైరైన ఛెత్రిని వెనక్కి పిలిచాడు. అప్పటికి ఛెత్రికి 40 ఏళ్లు. ఆ సీజన్ ఐఎస్ఎల్‌లో 14 గోల్స్‌తో మన దేశం ఆటగాళ్లలో మొదటి స్థానం ఆయనదే. మొత్తం మీద మొదటి స్థానం నార్త్ఈస్ట్ యునైటెడ్ తరఫున 23 కొట్టిన మొరాకో ఆటగాడు అజారై‌ది. షిల్లాంగ్‌లో మాల్దీవులపై 3-0 గెలుపులో ఛెత్రి ఒకటి కొట్టాడు. ఆరు రోజుల తర్వాత అక్కడే బంగ్లాదేశ్‌తో 0-0. మ్యాచ్ అయ్యాక మనోలో కోపం దాచుకోలేదు. ఇప్పుడు ఆ క్వాలిఫయర్స్ లెక్క చూడండి. మొదటి 5 మ్యాచ్‌ల్లో ఇండియా కొట్టినవి 2 గోల్స్. సింగపూర్‌లో 90వ నిమిషంలో రహీమ్ అలీ కొట్టింది వాళ్ల డిఫెండర్ వెనక్కి ఇచ్చిన పాస్ తప్పిపోతే దొరికింది. గోవాలో చాంగ్తే కొట్టింది బాక్స్ బయటి నుంచి. రెండూ అద్భుతంగానే ఉన్నాయి, కాదనను. కానీ ఐదు మ్యాచ్‌ల్లో, పాస్‌లు అల్లి, లోపలికి చొరబడి, దగ్గర్నుంచి కొట్టిన గోల్ ఒక్కటీ లేదు. నన్నడిగితే 0-0 కంటే భయపెట్టేది ఇదే.

ఇక్కడ మన హైదరాబాద్ వాళ్లెవరైనా "1962లో స్టాపర్‌తో (నడిమధ్య ఆడే డిఫెండర్‌తో) గోల్స్ కొట్టించారు కదా" అంటారు. నిజమే. జకార్తా ఆసియా క్రీడల్లో జర్నైల్ సింగ్ తలకు గాయమైతే, అప్పటి ఇండియా కోచ్, మన సయ్యద్ అబ్దుల్ రహీమ్ సాబ్ అతన్ని డిఫెన్స్‌లోంచి తీసి ఫార్వర్డ్‌గా పంపారు. సెమీస్‌లో దక్షిణ వియత్నాం మీద, ఫైనల్లో దక్షిణ కొరియా మీద అతను గోల్ కొట్టాడు, 2-1తో స్వర్ణం వచ్చింది. మేం చిన్నప్పుడు సీనియర్ల దగ్గర ఈ కథ వినీ వినీ పెరిగాం. అయితే జర్నైల్ పక్కన ఎవరున్నారో కూడా చెప్పుకోవాలి. పీకే బెనర్జీ, చున్నీ గోస్వామి, మన సికింద్రాబాద్ బలరాం. ముగ్గురూ తమ తమ టీముల్లో ఏడాదంతా ఫార్వర్డ్‌గానే ఆడినవాళ్లు, గోల్స్ కొట్టడమే వాళ్ల పని. అలాంటి ముగ్గురి మధ్య ఒక స్టాపర్‌ని పెట్టడం వేరు, నలుగురు వింగర్ల మధ్య ఇంకో వింగర్‌ని పెట్టడం వేరు.

టెన్షన్ గురించి అడిగారు. ఉంటుంది, ఎవరికి ఉండదు? కానీ "మనసు గట్టిగా లేదు" అని వదిలేస్తే కోచ్‌కి చేయడానికి ఏమీ మిగలదు. నేను టెన్షన్‌ని ఒంట్లో వెతుకుతాను. 11 మీటర్ల నుంచి గంటకు 100 కిలోమీటర్ల వేగంతో కొట్టిన బంతి 0.4 సెకన్లలో గోల్ గీత చేరుతుంది. అంత గట్టిగా కొట్టాల్సిన అవసరం చాలాసార్లు ఉండదు, కంగారులో ఉన్నవాడికి మాత్రం ఇంకా గట్టిగా కొట్టాలనిపిస్తుంది. అప్పుడు ఏమవుతుంది? కొట్టని కాలు బంతి పక్కన పడాల్సింది వెనక్కి పడుతుంది. ఒళ్లు వెనక్కి వాలుతుంది. తల ముందే పైకి లేస్తుంది. బంతి బార్ పైనుంచి పోతుంది. మీ కుర్రాళ్లు ఎక్కువగా పైకి కొడుతుంటే ముందు ఆ కాలు ఎక్కడ పడుతోందో చూడండి. పక్కకి కొడుతుంటే అది వేరే కథ. సాధారణంగా గోల్‌కీపర్‌ని చూస్తూ కొడుతుంటారు. కళ్లు ఎటు ఉంటే బంతి అటే పోతుంది.

నా తప్పు ఒకటి చెప్తాను. చాలా ఏళ్ల క్రితం మా అండర్-17 టీమ్‌లో ఒక కుర్రాడుండేవాడు. ప్రాక్టీసులో పదికి తొమ్మిది గోల్‌లో పెట్టేవాడు. ఒక టోర్నీలో వరసగా నాలుగు మ్యాచ్‌ల్లో ఖాళీ గోల్ ముందు కూడా వదిలేశాడు. నేను అందరి ముందూ తిట్టాను, ఐదో మ్యాచ్‌లో బెంచ్ మీద కూర్చోబెట్టాను. ఇంటికొచ్చి నా పుస్తకం తిరగేస్తే అప్పుడు కనపడింది. అతనికి మ్యాచ్‌లో బంతి దాదాపు ప్రతిసారీ కుడివైపు నుంచి, ఎగురుతూ, ఎడమ కాలి మీదికి వస్తోంది, వీపు మీద డిఫెండర్ ఉంటున్నాడు. నేను ప్రాక్టీసులో ఏం చేయిస్తున్నాను? బాక్స్ ముందు లైన్ కట్టించి, నేనే నేల మీద మెల్లగా బంతి దొర్లించి, కుడి కాలితో కొట్టిస్తున్నాను. వాడు నేను నేర్పింది చక్కగా నేర్చుకున్నాడు. మ్యాచ్‌లో ఆ పరీక్ష రాలేదు, అంతే. వాడికి నేను సారీ చెప్పడానికి ఇంకో రెండేళ్లు పట్టింది. మాస్టారి అహం, ఏం చేస్తాం.

కాబట్టి మీ కాలేజీ టీమ్ విషయానికొస్తే, ముందు ఆ లైన్ కట్టించడం మానేయండి. 20 మంది వరసలో నిలబడి ఒక్కొక్కరు కొట్టి వెనక్కి నడిచివస్తే గంటలో ఒక్కొక్కరికి పదో పదిహేనో షాట్లు, అవి కూడా పక్కన ఎవరూ లేకుండా. దానికి బదులు రెండు గోల్‌పోస్టులను దగ్గరికి జరపండి, 25 మీటర్ల దూరం చాలు. పోస్టులు కదలకపోతే ఒకవైపు అసలు గోల్, ఇంకోవైపు జెండాలు పాతుకోండి. వెడల్పు 20 మీటర్లు. నలుగురు, నలుగురు, ఇద్దరు కీపర్లు. గీతల బయట ఇద్దరు నిలబడి బంతి అందిస్తుంటారు, వాళ్లు ఎవరి దగ్గర బంతి ఉంటే ఆ టీమ్‌కే ఆడతారు. నాలుగు నిమిషాలు ఆడండి, రెండు నిమిషాలు విశ్రాంతి, మళ్లీ. ఆ చిన్న చోటులో ఎటు తిరిగినా షాటే, ఎటు చూసినా డిఫెండరే. బాక్స్‌లో పడే గోల్స్‌లో సగానికి పైగా ఒక్క టచ్‌తో కొట్టేవే. అందుకని ఒక్క టచ్‌తో కొట్టిన గోల్‌కి రెండు లెక్క అని రూల్ పెట్టండి. కుర్రాళ్లు బంతి రాకముందే ఎక్కడ నిలబడాలో ఆలోచించడం మొదలుపెడతారు. మీరు నోటితో చెప్పక్కర్లేదు.

క్రాస్‌లు తగ్గించండి. ఇది నా పిచ్చి అని మా తోటి కోచ్‌లు నవ్వుతారు, అయినా చెప్తాను. మన కాలేజీ టీముల్లో వింగర్ మూల దాకా వెళ్లి గాల్లోకి ఒకటి వేస్తాడు, పొడుగాటి స్టాపర్ తలతో బయటికి పంపుతాడు, అందరూ చప్పట్లు కొడతారు. అదే వింగర్ గోల్ గీత దాకా వెళ్లి బంతిని నేల మీదే వెనక్కి, పెనాల్టీ స్పాట్ వైపు ఇస్తే, డిఫెండర్లందరూ గోల్ వైపు పరిగెడుతుంటారు కాబట్టి అక్కడికొచ్చేవాడికి అడ్డుండదు. దాన్ని కట్‌బ్యాక్ అంటారు. ఒక స్ట్రైకర్ దగ్గరి పోస్ట్‌కి పరిగెత్తి డిఫెండర్‌ని లాక్కుపోవాలి, రెండోవాడు ఒక్క క్షణం ఆగి ఆ స్పాట్‌కి రావాలి. ఆగడమే కష్టం. కుర్రాళ్లకి ఆగడం నేర్పడానికి నాకు ఒక్కోసారి ఒక సీజన్ పట్టింది. ఇంకో మాట, షాట్ కొట్టాక చూస్తూ నిలబడనివ్వకండి. కీపర్ చేతిలోంచి జారిన బంతి మీదికి వెళ్లడం స్కిల్ కాదు, అలవాటు. రహీమ్ అలీ సింగపూర్‌లో కొట్టిన గోల్ కూడా, తప్పిపోయిన పాస్ మీదికి వెళ్లే అలాంటి అలవాటు వల్లే వచ్చింది.

అలాగే మీ టీమ్‌లో స్ట్రైకర్‌ని ఒకరినే ఎంచుకుని ఆ చోట ఆడనివ్వండి. రెండు మ్యాచ్‌ల్లో వదిలేశాడని వింగ్‌లోకి తోసి, వింగర్‌ని మధ్యకి తెస్తే, మన ఐఎస్ఎల్ క్లబ్బులు చేసే పనే మీరూ చేసినట్టు. వదిలేసిన నిమిషంలో మార్చేయడం అస్సలు వద్దు. తర్వాతి ఛాన్స్‌లో వాడు గోల్ వైపు చూడడు, బెంచ్ వైపు చూస్తాడు.

ఇవన్నీ మొదలుపెట్టే ముందు ఒక పని చేయండి. వచ్చే ఐదు మ్యాచ్‌లకి బెంచ్ మీద ఉన్న కుర్రాడొకడికి కాగితం, పెన్ను ఇవ్వండి. గ్రౌండ్ బొమ్మ గీయించి, మీ టీమ్ కొట్టిన ప్రతి షాట్‌కీ ఒక చుక్క పెట్టమనండి. పక్కన కాలా తలా, ఏ కాలు, ఎన్ని టచ్‌లు, దగ్గర్లో డిఫెండర్ ఉన్నాడా లేడా, బంతి ఎటు నుంచి వచ్చింది అని రాయమనండి. ఐదు మ్యాచ్‌లు అయ్యాక ఆ కాగితాలు ఫొటో తీసి ఇక్కడే పెట్టండి. చుక్కలు బాక్స్ బయట ఉంటే పాస్‌ల గురించి మాట్లాడుకుందాం, లోపలే ఉండి గోల్ పడకపోతే అప్పుడు మీ స్ట్రైకర్ కాళ్ల సంగతి చూద్దాం. వీలైతే రెండు మూడు షాట్ల వీడియో కూడా పెట్టండి, పక్క నుంచి తీసింది అయితే మంచిది, కొట్టని కాలు ఎక్కడ పడుతోందో కనపడుతుంది.